ఎల్ పెట్టెలో ఒక చీటీ

సముద్రం కన్నా కిందుగా, గట్టు చాటున ఊరు.
నవంబరు. ఇమ్కె హార్మ్స్ సైకిలు గోడకి ఆనించి
తడిసిన చేతితొడుగులు పళ్లతో లాగి తలుపు కొట్టింది.
నిఘంటువు ఆఫీసు నుంచి, అంది.
త్యార్క్ ఉల్ఫెర్ట్స్‌కి ఎనభై ఒకటి. ఇల్లంతా పొగబెట్టిన చేప వాసన.
"మాటలు ఏరుకోడానికి కూడా జీతమిస్తారా?"
"ఇస్తారు, కొద్దిగా."
అయితే కూర్చోమన్నాడు.

ఆ రోజు మాట: లేద్.
రాస్తే మన 'లేదు'కి దగ్గర.
పలికితే లేత్, మన 'లేత'కి దగ్గర.
చుట్టరికమేం లేదు. నా తెలుగు చెవి చేసిన అల్లరి.

ఆమె కాగితం విప్పి చదివింది:
వెయ్యేళ్ల వెనక, ఇంకా వెనక,
ఇది గిట్టనిది. పగవాడి పేరు వింటే
గొంతులో ముల్లులా అడ్డంపడేది.
ఫ్రాంకులు దీన్ని గాల్ నేల మీదికి మోసుకెళ్తే
అక్కడ పగ మరిచి 'అనాకారి' అని స్థిరపడింది.
సముద్రం దాటిన తోబుట్టువు ఇంగ్లండులో రెండు కాపురాలు పెట్టింది:
ఒక ఇంట్లో రోతగానే ఉండిపోయింది,
ఇంకో ఇంట్లో మెత్తబడి మెత్తబడి
చలిపొద్దున దుప్పటి వదలడానికి మనసొప్పకపోవడమంత అయింది.
ఐస్‌లాండులో విసుగు. వాన తెరిపివ్వని ఆదివారం.
ఇక్కడ, ఈ బురదనేల మీద, దుఃఖం.

"ద్వేషం దుఃఖం ఎట్లా అయింది?"
అడిగింది అతనే.
ఆమెకి తెలియదు.
పుస్తకాల్లో బాణం గుర్తు ఉంటుంది, ఇటునుంచి అటు.
బాణం లోపల ఏం జరిగిందో ఎవరూ రాయలేదు.

కప్పులో పటికబెల్లం ముక్క. దానిమీద మరుగుతున్న టీ.
చిటుక్కున పగిలిన చప్పుడు ఇద్దరూ విన్నారు.
మీగడ అంచునుంచి జారవిడిచాడు, కలపలేదు.
అక్కడ కలపరు.

"ఉదాహరణ వాక్యం కావాలి."
"ఆ మాట నేను వాడను."
కిటికీ అవతల కాలువ.
కాలువ అవతల ఒక పొగగొట్టం, సన్నగా పొగ.
అక్కడ ఓకో ఉంటాడు. తమ్ముడు.
ఒక ఫిబ్రవరి రాత్రి తూము తలుపు దించాల్సిన వంతు త్యార్క్‌ది.
ఉప్పునీళ్లు. పదకొండు ఆవులు.
నలభై మూడేళ్లుగా
ఒకడి పడవ ఎదురైతే ఇంకొకడికి
సరిగ్గా అప్పుడే వల సర్దుకునే పని పడుతుంది.

మూడో కప్పు అయ్యాక చెంచా కప్పులో నిలబెట్టాడు,
ఇక చాలని.
తర్వాత, కిటికీ అద్దంతో అన్నాడు:
"దాత్ దైత్ మి లేత్."
మాటకి మాట పెడితే: అది నాకు దుఃఖం చేస్తోంది.
వాడుకలో: క్షమించు.

"ఎవరితో అంటున్నట్టు రాసుకోను?"
"ఉదాహరణ అడిగావుగా. ఉదాహరణే."

పెన్సిలుతో రాసింది. తేదీ. ఊరు.
చెప్పినవారు అన్నచోట పూర్తి పేరు.

మర్నాడు వంతెన చుట్టూ తిరిగి నాలుగు కిలోమీటర్లు, ఎదురుగాలి.
ఓకో గుమ్మంలోనే నిలబెట్టి జవాబిచ్చాడు:
"ఆ మాట ఈ వైపు లేదు."
ఒకరు చెప్పిన చీటీ ఇంకొకరికి చూపకూడదని ఆఫీసు నియమం.
ఇమ్కె పెట్టె సర్దుతూ సర్దుతూ
దాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది.

కళ్లద్దాలు చాలాసేపు వెతికాడు. జేబులోనే ఉన్నాయి.
చదివాడు. పేరు ఉన్నచోట బొటనవేలు ఆనించి
మళ్లీ చదివాడు.
"తప్పు రాశావు," అన్నాడు.
"'లే' ఇంత పొట్టిగా ఉండదు, ఇంకాస్త సాగాలి.
మా ఇంట్లో అలా అంటాం."

అతని భాషలో 'మా'కీ 'మన'కీ ఒకటే మాట.
తెలుగులో రాస్తున్నాను కాబట్టి నేను తేల్చుకోవలసి వచ్చింది.
ఎదురుగా ఉన్న ఇమ్కెని గుమ్మం బయటే ఉంచి
కాలువ అవతలివాణ్ణి లోపలికి పిలిచే మాట ఏదో
అది రాశాను.

ఇమ్కె సంచిలో రబ్బరు వెతుక్కుంది.